పంచదార కింద క్షిపణి: పట్టుబడ్డ ఓడలకు చిట్కాలు

ఆయుధాలున్నాయన్న అనుమానంతో ఒక ఓడను ఆపితే, అడుగున ఏముందో చూడకముందే మూడు కథలు తయారవుతాయి. పంపినవాళ్లది ఒకటి, పట్టుకున్నవాళ్లది ఒకటి, అందుకోవలసినవాళ్లది ఒకటి. కథ అడ్డం తిరిగితే పరువు దక్కదు గనక, ఈ వ్యాపారంలోకి కొత్తగా దిగేవారు కింది చిట్కాలు దగ్గర పెట్టుకోవాలి. అన్నీ ఉత్తర కొరియా ఓడల అనుభవంలోంచి ఏరినవే.

1. పైన పంచదార వేయండి.

2013 జూలైలో క్యూబా నుంచి వస్తున్న చోంగ్ చోన్ గాంగ్ ఓడను, మాదకద్రవ్యాల అనుమానంతో పనామా ఆపింది. పైన 10 వేల టన్నుల పంచదార, 2 లక్షలకు పైగా బస్తాలు. కింద కంటెయినర్లు. వాటిలో రెండు మిగ్-21 యుద్ధ విమానాలు, 15 ఇంజన్లు, క్షిపణుల భాగాలు. కంటెయినర్లు కనపడకుండా వాటి మీద పంచదార ఎక్కించమన్న ఆదేశాలు కూడా ఓడలోనే దొరికాయి. రహస్య ఆదేశాలను ఇలాగే భద్రంగా దాచిపెట్టండి. తనిఖీకి వచ్చినవాళ్లు ఊరికే వెతుక్కోకూడదు. వీలైతే క్రేన్ల తీగలు కూడా కోసేయండి. అక్కడి సిబ్బంది అదే చేశారని పనామా అధికారులు చెప్పారు. దాంతో బస్తాలను మనుషులే దించాల్సి వచ్చింది.

2. కాగితాల మీద ఎవరికీ కోపం రాని పేరు రాయండి.

1999లో గుజరాత్‌లోని కాండ్లా రేవుకు వచ్చిన కువోల్సాన్ ఓడ పత్రాల్లో సరుకు పేరు నీటిశుద్ధి యంత్రాలు. గమ్యం మాల్టా. పెట్టెలు విప్పితే క్షిపణుల విడిభాగాలు, వాటి నక్షలు బయటపడ్డాయి. అప్పుడు కార్గిల్ యుద్ధం జరుగుతోంది. కాబట్టి ఇది పాకిస్తాన్‌కే పోతోందని మనవాళ్లు తేల్చేశారు. కొన్నాళ్లకు వేళ్లు లిబియా వైపు తిరిగాయి. ఇందులో నేర్చుకోవలసింది ఏమిటంటే, గమ్యం గురించి మీరు కష్టపడి అబద్ధం ఆడక్కర్లేదు. పట్టుకున్నవాళ్లు తమకు పడని దేశం పేరు తామే రాసుకుంటారు. అన్నట్టు, ఈ ఓడలోనూ పంచదార ఉంది.

3. సాకు ముందే సిద్ధం చేసుకోండి.

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేతకన్న మాట దౌత్యంలోనూ చెల్లుతుంది. పనామాలో దొరికినవి 240 టన్నుల కాలం చెల్లిన రక్షణ ఆయుధాలని, మరమ్మతు చేయించి వెనక్కి తెప్పించుకుందామని పంపామని క్యూబా ప్రకటించింది. మరమ్మతుకు పోయేవాటిని పంచదార కింద ఎందుకు పెట్టారని ఎవరైనా అడిగితే వినపడనట్టు ఊరుకోండి. మరమ్మతు కూడా ఆంక్షల కిందికే వస్తుందని ఐక్యరాజ్యసమితి నిపుణులు అన్నారు. 2006 నాటి ఆంక్షల తర్వాత ఉత్తర కొరియాకు సంబంధించి ఇంత ఆయుధ సరుకు ఎప్పుడూ పట్టుబడలేదని కూడా అన్నారు. నిపుణులు ఏదో ఒకటి అంటూనే ఉంటారు.

4. దొరికాక గొంతు పెంచండి.

2002 డిసెంబరులో సో సాన్ అనే ఓడను అరేబియా సముద్రంలో అమెరికా మాట మీద స్పెయిన్ నావికాదళం ఆపింది. సిమెంటు బస్తాల కింద 15 స్కడ్ క్షిపణులు దొరికాయి. అవి మావే, డబ్బిచ్చి కొనుక్కున్నాం అంది యెమెన్. ఆపి ఉంచడానికి చట్టంలో దారి లేదంటూ అమెరికా ఒకటి రెండు రోజుల్లోనే ఓడను వదిలేసింది. ఇది సముద్రపు దొంగతనం, పరిహారం కట్టండి అని ఉత్తర కొరియా పైనుంచి గద్దించింది. కొనేవాడు అమెరికాకు ఆ రోజుల్లో కావలసినవాడైతే సిమెంటు ఖర్చు కూడా దండగే.

5. పట్టుకున్నవారైతే, బస్తాలు దించేదాకా ఆగకండి.

చోంగ్ చోన్ గాంగ్ దొరకగానే అప్పటి పనామా అధ్యక్షుడు మార్టినెల్లి సరుకు ఫొటో తీసుకెళ్లి ట్విట్టర్‌లో పెట్టేశారు. ఓడలో ఉన్నది అధునాతన క్షిపణి సామగ్రి అని ఆయన అనుమానం. క్యూబా లెక్కలో అదే సామగ్రి గత శతాబ్దం మధ్యలో తయారైన పాత సరుకు. ఒకే ఇనుముకు రెండు వయసులు. మీకు ఏది లాభమో ఆ వయసు చెప్పండి.

6. ఏ పాపం ఎరగని ఓడ అయితే, వీలైనంత అనుమానంగా ప్రవర్తించండి.

2009 ఆగస్టులో ము సాన్ అనే ఉత్తర కొరియా ఓడ అనుమతి లేకుండా అండమాన్‌లోని హట్ బే దగ్గర లంగరు వేసింది. కోస్ట్ గార్డు గంటల తరబడి వెంటాడి పట్టుకుంది. ఉత్తర కొరియా అణుపరీక్ష జరిగి మూడు నెలలైనా కాలేదు కాబట్టి ఓడను మన కాకినాడకు తెచ్చి, అణు నిపుణులతో వెతికించారు. దాదాపు 16 వేల టన్నుల పంచదార ఉంది. పంచదార కింద ఇంకా పంచదార ఉంది. ఇంతకన్నా నిరాశ కలిగించే తనిఖీ ఉండదు. అలాంటప్పుడు పట్టుకున్నవారు ఏమీ దొరకనందుకు క్షమాపణ చెప్పకూడదు, తమ అప్రమత్తతను తామే మెచ్చుకోవాలి.

7. జరిమానా కట్టి, పేరు మార్చుకోండి.

చోంగ్ చోన్ గాంగ్‌కు వేసిన 10 లక్షల డాలర్ల జరిమానా చివరికి 7 లక్షల దగ్గర తెగింది. 2014లో ఐక్యరాజ్యసమితి ఆ ఓడ నడిపే కంపెనీని ఆంక్షల జాబితాలో చేర్చింది. కంపెనీ ఓడలు వరసగా కొత్త పేర్లు రాయించుకున్నాయి. రంగు డబ్బా జరిమానా కన్నా చవక.

8. టీవీ చూసేవారికి ఒక మాట.

మీకు నచ్చిన దేశం ఏం చెబితే అది వెంటనే నమ్మండి. రేవులో బస్తాలు దించే కూలీని మాత్రం ఏమీ అడక్కండి. అడుగున నిజంగా ఏముందో చూసినవాడు అతనొక్కడే. అతను నోరు విప్పితే మూడు కథలూ పాడవుతాయి.