ఆన్ యువర్ మార్క్స్, అశోక్‌నగర్!

దక్షిణ కొరియా జనాభా ఐదు కోట్లు, పారిస్ ఒలింపిక్స్‌లో 32 పతకాలు. మనం 140 కోట్లు, ఒక్క బంగారమూ లేదు. ఈ లెక్క నాయకుల నోట మళ్లీ మైకెక్కింది. చప్పట్లూ ఎప్పట్లాగే పడ్డాయి. 2036 ఒలింపిక్స్ మన దేశానికొస్తే ఒకటి రెండు ఆటలు హైదరాబాద్‌కు విదిల్చమని ఢిల్లీలో అర్జీ ఎలాగూ పెట్టి ఉంచాం.

తప్పంతా జనాభాదేనని అప్పుడు తట్టింది నాకు. పట్టుమని రెండు లక్షల మంది లేని సెయింట్ లూసియా నుంచి జూలియన్ ఆల్‌ఫ్రెడ్ అనే పిల్ల వచ్చి, పారిస్‌లో వంద మీటర్లు 10.72 సెకన్లలో పరిగెత్తి బంగారం పట్టుకుపోయింది. ముషీరాబాద్ నియోజకవర్గం ఓటర్ల జాబితాలో అంతకంటే ఎక్కువ పేర్లున్నాయి. కాబట్టి పెద్ద దేశంగా ఉండి లాభం లేదు. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పిల్లలతో నిండిన మన హైదరాబాద్ అశోక్‌నగర్‌ను తక్షణం చిన్న దేశంగా ప్రకటించాలి.

అటు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, ఇటు నారాయణగూడ ఫ్లైఓవర్ సరిహద్దులు. రాజధాని చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ. కరెన్సీ జిరాక్స్ పేజీ. పౌరసత్వానికి పీజీ హాస్టల్లో మంచం అద్దె కట్టిన రసీదు చాలు. ముసలీ ముతకా లేని దేశం, హాస్టల్ ఓనర్లను మినహాయిస్తే.

మా జట్టు ప్రాక్టీసు చూడాలంటే పొద్దున్నే లైబ్రరీ గేటు దగ్గరికి రండి. మనుషులకంటే ముందు బ్యాగులు లైన్లో ఉంటాయి. జిప్పు ఊడినదానికి పిన్నీసు, పక్కన నీళ్ల సీసా, పైన లక్ష్మీకాంత్ పాలిటీ. గేటు తెరుచుకోగానే ఫ్యాను కింది సీటు కోసం సాగే పరుగుకు స్టాప్‌వాచ్ పట్టినవాడు లేడు గానీ, పడితే సెయింట్ లూసియాకు చెమటలు పట్టేవి.

మేం ప్రపంచాన్ని శాసించబోయేది మాత్రం గ్రూప్-1 హర్డిల్స్‌లో. 2022 ఏప్రిల్లో 503 పోస్టులతో ట్రాక్ గీశారు. అక్టోబరులో ప్రిలిమ్స్ పిస్టల్ పేలింది. పేపరు లీకైందని 2023 మార్చిలో అందర్నీ వెనక్కి పిలిచారు. జూన్‌లో మళ్లీ పేల్చారు, సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. 2024లో పోస్టులు 563 చేసి మూడోసారి పేల్చారు. మెయిన్స్ పేపర్లు దిద్దిన తీరు మీద 2025లో మళ్లీ కోర్టు. అథ్లెటిక్స్‌లో ఫాల్స్ స్టార్ట్ చేసిన రన్నర్‌ను బయటికి పంపేస్తారు. ఇక్కడ పిస్టల్ పట్టుకున్నవాడిదే ఫాల్స్ స్టార్ట్, గీత దగ్గరికి తిరిగి నడిచేది మాత్రం పరిగెత్తినవాడు. 2024 అక్టోబరులో రిజర్వేషన్లకు గండి కొడుతోందంటూ జీవో 29 రద్దు చేయమని మావాళ్లు రోడ్డెక్కితే పోలీసులే లాఠీలు పట్టుకుని వెనకాల పరిగెత్తి స్పీడు పెంచారు. విదేశీ కోచ్ ఖర్చు మిగిలింది.

ఇంకా కావాలంటే కానిస్టేబుల్ ఈవెంట్స్ ఉన్నాయి. మగపిల్లలు 1600 మీటర్లు ఏడుంబావు నిమిషాల్లో ఉరకాలి, నాలుగు మీటర్లు దూకాలి, 7.26 కిలోల గుండు ఆరు మీటర్లు విసరాలి. ఒలింపిక్స్ గుండు బరువూ అంతే.

పతకాల ప్రదానానికి ఎల్బీ స్టేడియం సిద్ధం. నర్సులు, కానిస్టేబుళ్లు, టీచర్లు నియామక పత్రాలు అందుకున్నది అక్కడే. ముఖ్యమంత్రి ప్రమాణం చేసిందీ అక్కడే. అడపాదడపా ఆటలు కూడా జరుగుతాయట. అటు రెండుసార్లు ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ నిఖత్ జరీన్‌కు సర్కారు ఇచ్చింది డీఎస్పీ ఉద్యోగం. మా గ్రూప్-1 పోస్టే! లోకాన్నంతా గుద్ది గెలిచొచ్చినా ఆఖరికి దిగాల్సిన స్టేషన్ అశోక్‌నగరే.

మొన్న లైబ్రరీ ఎదుట చాయ్ బండి దగ్గర ఓ అమ్మాయి కలిసింది. మహబూబాబాద్ వైపు. ఒకప్పుడు జిల్లా స్థాయిలో 400 మీటర్లు పరిగెత్తిందట. స్పైక్స్ ఏం చేశావమ్మా అంటే, "రూంల మంచం కింద ఉన్నయి సార్. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు పనికొస్తయని ఉంచుకున్న" అంది. మొదటి పిస్టల్ పేలినప్పుడు ఆమెకు 22. జూలియన్ పారిస్‌లో గెలిచింది 23కు.

పతకాల లెక్కకు 140 కోట్లూ కావాలి మీకు. అందులో ట్రాక్ మీద కాలు పెట్టనిచ్చింది ఎందరినో ఆ మైకులో ఎప్పుడూ చెప్పరేం? చాయ్ అమ్మే తండ్రి కూతురు అగసర నందిని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చింది. కల్లెడ కూలీల బిడ్డ దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. తెచ్చాక ఫ్లెక్సీలు కట్టారు. తేకముందు ఆ ఇళ్లలో బియ్యం డబ్బా అడుగు ఎవరు చూశారు? పిల్లల కాళ్లల్లో సత్తువున్న ఏళ్లన్నీ నోటిఫికేషన్లకు, లీకులకు, వాయిదాలకు మేపి, వాళ్లనే నిలబెట్టి కొరియాను చూసి సిగ్గు తెచ్చుకోమనడానికి నోరెలా వస్తుంది?

"గేటు తీసే టైమైంది సార్, సీటు పోతది" అంది ఆ అమ్మాయి. బ్యాగు చంకన ఇరికించుకుని ఉరికింది. నేను గ్లాసు కింద పెట్టి తలెత్తేసరికి గేటు దాటేసింది.