కుట్టుకూలి

నేను కాలితో తొక్కే కుట్టుమిషనుని. ఉషా కంపెనీ తయారీ. పోత ఇనుముతో చేసిన ఒళ్లు, కింద పెడలు, పక్కన చక్రం, దాన్నీ నన్నూ కలిపే తోలు బెల్టు. విజయవాడ వన్‌టౌన్‌లో, వస్త్రలత బట్టల మార్కెట్టుకి దగ్గర్లో ఒక సందులో ఉంటాను. నన్ను కొన్న టైలర్ మాస్టారు ఇప్పుడు లేరు. కొట్టు ఆయన కూతురు నడుపుతోంది.

బేరమాడే వాళ్లు తరచూ నావైపే చెయ్యి చూపిస్తారు. "కుట్టేది మిషనే కదమ్మా! గంట పనికి ఇంతా?" అంటారు. నన్నే సాక్ష్యానికి పిలిచారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

నాకు వచ్చిన పని ఒక్కటే. సూది పైదారాన్ని కిందికి దించుతుంది. షటిల్ కొక్కెం దాన్ని పట్టి బాబిన్ చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ గుడ్డ మధ్యలో పెనవేసుకుంటాయి, పళ్లు గుడ్డని జరుపుతాయి. అమెరికాలో ఐజాక్ సింగర్ 1851లో తన మిషనుకి పేటెంటు తీసుకున్నాడు. మావాళ్లు చేసేది అప్పుడూ ఇప్పుడూ కుట్టు మీద కుట్టు వేసుకుంటూ పోవడమే. యంత్రాల మోజును ఒప్పుకోని గాంధీజీ కూడా కుట్టుమిషనుని మాత్రం మినహాయించారు. మనిషి శ్రమ తగ్గిస్తాం, నిజమే. కానీ ఎక్కడ ఆగాలో, ఎక్కడ తిరగాలో నాకు తెలియదు. ఆపకపోతే గుడ్డ అయిపోయాక కూడా సూది ఆడిస్తూనే ఉంటాను.

ఒక లైనింగు జాకెట్టు సంగతే తీసుకోండి. లైనింగు గుడ్డని మాస్టారి కూతురు ముందురోజే నీళ్లలో నానబెట్టి ఆరేస్తుంది. అలా చేయకపోతే మొదటి ఉతుకుకే లోపలి గుడ్డ కుంచించుకుపోయి పైన పట్టు ముడతలు పడుతుంది. కొలతలు తీసేటప్పుడు టేపు మీది అంకెలతో సరిపెట్టుకోదు. ఒక భుజం కాస్త దిగి ఉందేమో, వీపు వంగి ఉందేమో, వచ్చినావిడ పాలిచ్చే తల్లేమో చూస్తుంది. చేతుల మీద జరీ అంచు రెండువైపులా ఒకే ఎత్తున రావాలి. మెడకి వేసే పైపింగు గుడ్డని ఏటవాలుగా కత్తిరించాలి, నిలువుగా కత్తిరిస్తే వంపు దగ్గర తిరగదు. రేపు ఒళ్లు చేస్తే వదులు చేసుకోవడానికి పక్క కుట్ల లోపల గుడ్డ వదలాలి. పట్టుకి నాకు 11వ నంబరు సూది, దళసరి గుడ్డకి 16. సన్నని పట్టు మీద పడ్డ సూది బెజ్జం ఒక పట్టాన మాయదు, అందుకే తప్పు కుట్టి విప్పడం అక్కడ కుదరదు. ఇదంతా అయ్యాక హెమ్మింగు, హుక్సు, కాజాలు చేతిపనే. ఇందులో నా వంతు ఎంతో మీరే చెప్పండి.

మాస్టారి రోజుల్లో ఒక శ్రావణమాసంలో సందులోని కొట్లన్నీ పోటీపడి రేట్లు తగ్గించాయి. గిరాకీ పోతుందని ఆయనా తగ్గించారు. బయటికి కనపడే పనిలో ఎవరూ కోత పెట్టరు, కనపడని చోటే పెడతారు. లైనింగు తడపడం మానేశారు. లోపల వదిలే గుడ్డ సన్నబడింది. పని తొందరగా తెమలాలని నా మీద కుట్టు పొడవు పెంచే మర తిప్పారు. కుట్టు పొడవైతే బిగువు చోట పట్టు నిలవదని ఆయనకి తెలుసు. హెమ్మింగు చేసే ఆమెకి ముక్కకి ఇచ్చే కూలిలో కూడా కోత పడింది. ఆ కొట్టులో నేను చూసిన అన్యాయాల్లో అదే పెద్దది. బేరమాడిన వాళ్లకి ఆమె మొహం కూడా తెలియదు.

కూతురు రేట్లు అట్టముక్క మీద రాసి గోడకి తగిలించింది. కారు దిగిన వాళ్లకొకటి, నడిచొచ్చిన వాళ్లకొకటి అని లేదు. లంగాకి చిరుగు పడితే చిన్న పనికి చిన్న డబ్బే తీసుకుంటుంది. తను కుట్టిన జాకెట్టు బిగుతైతే ఊరికే సరిచేస్తుంది. న్యాయమైన ధరలో ఇదీ భాగమేనని నేను గట్టిగా నమ్ముతాను. పనికి తగినంత అడిగే మనిషి, పనికి మించి అడగకూడదు కూడా.

మొన్న మాఘంలో ఒకావిడ పెళ్లిచీర తెచ్చారు. చీర ఖరీదు వేలల్లో. కుట్టుకూలి దగ్గర మాత్రం రెండొందలు తగ్గించమని పట్టుబట్టారు. మా అమ్మాయి విసుక్కోలేదు. "తగ్గిస్తానండీ. ఏది మానేయమంటారో మీరే చెప్పండి. లైనింగు తడపకుండా కుట్టనా? లోపల గుడ్డ వదలకుండా కుట్టనా?" అంది. ఆవిడ కాసేపు చీరకేసి చూసి, "ఏదీ మానకమ్మా" అని ఆది జాకెట్టు బల్ల మీద పెట్టారు.

మాస్టారి పాత లెక్కల పుస్తకం ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది. అందులో దారం ఖర్చు ఉంది, అద్దె ఉంది, నాకు పోసిన నూనె కూడా ఉంది. ఆయన కూలి మాత్రం ఏ పేజీలోనూ లేదు. అన్నీ పోగా మిగిలిందే తనది అనుకున్నారు, చాలా నెలలు ఏమీ మిగల్లేదు. కూతురు కొత్త పుస్తకంలో మొదటి వరుసలో తన కూలి రాసుకుంటుంది, రెండో వరుసలో హెమ్మింగు చేసే ఆమెది. అద్దె, దారం, నా నూనె ఆ తర్వాతే.