పావు మిల్లీమీటరు

మెకానిక్ భాయ్ నా సిలిండర్ హెడ్ విప్పి పక్కన పెట్టాడు. పిస్టన్‌ను కిందికి దించి, చూపుడువేలు లోపలికి పోనిచ్చి గోడను చుట్టూ తడిమాడు. ఆ వేలు ఎక్కడ ఆగిందో నాకు తెలుసు. నొప్పి ఉన్న చోట వైద్యుడి చెయ్యి ఆగినట్టు ఆగింది.

"బోరుకొచ్చింది సార్. ఇదే ఆఖరి బోరు. దీని తర్వాత ఈ బ్లాక్ ఖతం."

మా సారు ఏమీ అనలేదు. షెడ్డు ముందున్న స్టూలు మీద కూర్చుని, విప్పి పెట్టిన హెడ్డు వైపే చూస్తూ ఉన్నాడు.

నా వయసు ఏళ్లలో చెబితే ముప్పైమూడు. కానీ రెండు స్ట్రోకుల ఇంజన్ ఆయుష్షును ఏళ్లలో కొలవరు. కొత్తలో నా సిలిండర్ వెడల్పు 50 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకీ కిందికీ ఆడి ఆడి గోడ అరుగుతుంది. అరిగినప్పుడల్లా పావు మిల్లీమీటరు గోరి నునుపు చేసి, ఆ మేరకు పెద్ద పిస్టన్ వేస్తారు. 50.25, 50.50, 50.75, ఆఖరికి 51. అంతకు మించి గోరితే గోడ నిలవదు. నాకు రాసిచ్చిన నాలుగు పావుల్లో మూడు ఖర్చయిపోయాయి. నాలుగోది ఖర్చు పెట్టాలా, నన్ను అమ్మి కొత్త బండి కొనాలా అన్నదే మా ఇంట్లో మూడు నెలలు నలిగిన మాట.

నా పేరు ఆరెక్స్ హండ్రెడ్. మా వంశం ఈ దేశంలో రోడ్డెక్కింది 1985 చివర్లో. మొదట్లో జపాన్ నుంచి విడిభాగాలు తెప్పించి, ఉత్తరప్రదేశ్‌లోని సూరజ్‌పూర్‌లో ఎస్కార్ట్స్ వాళ్లు బిగించారు. మా సారు అప్పుడు వనపర్తిలో, రాజావారి కోటలో నడిచే పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడట. ఎవరిదో ఎర్ర ఆరెక్స్ కోట గేటు ముందు నుంచి పోతే, ఆ చప్పుడు మలుపు తిరిగి మాయమయ్యేదాకా నిలబడి విన్నానని ఇప్పటికీ చెబుతాడు. కరెంటు ఆఫీసులో కొలువు దొరికి, చేతిలో నాలుగు రూపాయలు నిలిచేసరికి 1993 వచ్చింది. మహబూబ్‌నగర్‌లో నన్ను కొని, భూత్పూర్, బిజినేపల్లి మీదుగా నాగర్‌కర్నూల్ దాకా గంటకు 40 దాటకుండా తెచ్చాడు. కొత్త ఇంజన్‌ను మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మెల్లగా నడపాలని పుస్తకంలో రాసి ఉంది. దారిలో బస్సులే కాదు, లూనాలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. ఆయన పట్టించుకోలేదు.

నన్ను స్పోర్ట్స్ బండి అంటే ఇప్పటి పిల్లలు ఒప్పుకోరేమో. 98 సీసీ, 11 హార్స్ పవర్, నాలుగు గేర్లు. అయితే నా బరువు 103 కిలోలే. ఒక్కో గుర్రం లాగాల్సింది తొమ్మిది కిలోల పైచిలుకు. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తంతే, నేను ప్రతి చుట్టుకూ తంతాను. అందుకే రెండో గేరులో చెయ్యి తిప్పితే ముందు చక్రం తేలికవుతుంది. సందు మొదట్లో నేనుంటే సందు చివర మనుషులు పక్కకు జరిగేవాళ్లు.

ఆ వేగం మా సారు షోకుకు వాడింది తక్కువ. అప్పట్లో మోటర్లకు కరెంటు అర్ధరాత్రి వచ్చేది. పల్లి చేలకు నీళ్లు పెట్టాలంటే రైతు టార్చిలైటు పట్టుకుని బావి కాడ జాగారం చెయ్యాలి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందని కబురొస్తే, ఫ్యూజు తీగ చుట్ట హ్యాండిల్‌కు తగిలించి, ప్లయర్ సీటు కింద పెట్టి బయలుదేరేవాళ్లం. తాడూరు, తెలకపల్లి, పెద్దకొత్తపల్లి. బండ్ల బాటల్లో, పాముల పుట్టల పక్కన. మనిషి కనబడకముందే నా చప్పుడు వినబడేది. "కరెంటు సారొస్తుండు" అని చీకట్లోంచి ఒక గొంతు లేచేది. ఆ గొంతులోని ఊరట కోసం నేను ఎన్ని రాత్రులైనా పరుగెత్తేదాన్ని. 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు వచ్చింది. కల్వకుర్తి ఎత్తిపోతల కాలువల్లో కృష్ణ నీళ్లు పారాయి. నా రాత్రి పరుగులు తగ్గాయి. దానికి నేను బాధపడలేదు. రైతు రాత్రి నిద్రపోవడం కన్నా నా పరుగు గొప్పదేమీ కాదు.

నంబర్ ప్లేటు మాత్రం పాతదే. ఏపీ 22, మహబూబ్‌నగర్. 2014లో రాష్ట్రం మారింది, 2016 అక్టోబర్ 11న జిల్లా మారింది. కొత్త బండ్లకు టీఎస్ 31 వచ్చింది, 2024లో అదీ పోయి టీజీ వచ్చింది. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి ఆర్సీ పొడిగించుకుంటూ నేను ఆ పాత అక్షరాలతోనే తిరుగుతున్నాను.

అమ్మ, అంటే మా సారు భార్య, నా వెనక సీటు మీద మొదటిసారి కూర్చున్నది 1995 సంక్రాంతికి, సింగోటం జాతరకు పోతూ. కాళ్లు ఒకవైపు పెట్టి, కొంగు నడుములో దోపి, సారు భుజం పట్టుకునే ధైర్యం లేక సీటు పట్టీ పట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడు భుజం పట్టుకుంది. ఆ తర్వాత నడుమ ఒక బిడ్డ చేరింది. ముగ్గురూ శ్రీశైలం ఎన్నిసార్లు పోయారో నా ఓడోమీటరుకు గుర్తులేదు, తీగ తెగి అది చాలా ఏళ్ల కింద ఆగిపోయింది.

నల్లమల ఘాటు దిగడం ఒక విద్య. యాక్సిలేటర్ పూర్తిగా మూసేసి దిగితే నా లోపలికి చాలినంత ఆయిల్ అందదు. పెట్రోలుతో పాటు వచ్చే ఆ కొద్ది టూ టీ ఆయిలే నా పిస్టన్‌కు తడి. అది చాలక గోడ వేడెక్కితే పిస్టన్ పట్టేస్తుంది, వెనక చక్రం బిగుసుకుంటుంది. అందుకే సారు ప్రతి మలుపు దగ్గరా చెయ్యి కాస్త తిప్పి, ఒక్క గుక్క ఇచ్చి మూసేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ నేను ఘాట్లో పట్టేయలేదంటే అది ఆయన మణికట్టు చలవ.

కానీ పోయిన వానాకాలం జరిగింది చెప్పకుండా నా కథ చెబితే అబద్ధమవుతుంది.

శ్రీశైలం నుంచి తిరిగి వస్తున్నాం. రాత్రి 9 గంటలకు అడవి గేటు మూసేస్తారు కాబట్టి ఆ లోపు మన్ననూరు దాటాలి. వటవర్లపల్లి దాటాక మసక చీకటి, సన్నటి జల్లు. నా హెడ్‌లైటు వెలుగు ఎంత? దోసెడు. ఆ దోసెట్లోకి అడవి పంది దూరింది. సారు రెండు బ్రేకులూ పట్టాడు. నా డ్రమ్ములు తడిసి ఉన్నాయి, ముందు షూలు అరిగి ఉన్నాయి. మార్చాలని అనుకుని ఒక వారం, ఇంకో వారం వాయిదా పడింది. నేను ఆగాల్సిన చోట ఆగలేదు. వెనక చక్రం జారింది. పంది పోయింది, మేము పడ్డాం. అమ్మ మణికట్టు విరిగింది.

రోడ్డు పక్కన కంకర మీద పడి ఉండి నేను విన్నది సారు గొంతు. అంతకు ముందెప్పుడూ ఆ గొంతు అలా వణకలేదు. ఆ రాత్రి నుంచి నాకు ఒకటే అనిపిస్తోంది. నా మీద ప్రేమ ఉన్నందుకు ఆ మనిషి ఇంకోసారి ఆ చీకట్లోకి నాతో రాకూడదు.

సారు ఉద్యోగం నుంచి దిగిపోయాక, బిడ్డ హైదరాబాద్ నుంచి తన ఎంటీ 15 మీద వచ్చింది. నా పక్కనే వేప చెట్టు కింద నిలబెట్టింది. రాత్రంతా దాన్ని చూశాను. 155 సీసీ, 18.4 హార్స్ పవర్, ఆరు గేర్లు, ఇంజన్ చుట్టూ నీళ్లు తిరిగి చల్లబరుస్తాయి. చక్రం జారబోతుంటే క్షణంలో పసిగట్టి బ్రేకు వదిలి పట్టే ఏబీఎస్ ఉంది. నాకు కోపం రాలేదు. ఆ రాత్రి అడవిలో నాకు కావలసినవన్నీ దాని దగ్గర ఉన్నాయి.

"డాడీ, ఇట్లాంటిదే తీసుకో. ఆరెక్స్‌ను మా ఆఫీసులో ఒకాయన లక్షన్నరకు అడుగుతుండు. సినిమా వచ్చినప్పటి నుంచి దీనికి పిచ్చి డిమాండు."

2018లో 'ఆర్ఎక్స్ 100' సినిమా వచ్చిన మాట నిజమే. అప్పటి నుంచి నా తోటివాళ్లలో చాలామందికి కొత్త రంగులు పడ్డాయి. సైలెన్సర్లు కోసి, చెవులు పగిలేలా చేసి, పట్నం వీధుల్లో తిప్పుతున్నారు. మా చప్పుడుకు ఒక మర్యాద ఉంది. దూరం నుంచి వస్తున్న మనిషిని గుర్తుపట్టడానికి పనికొచ్చే చప్పుడు అది. కోసిన సైలెన్సర్‌లో ఆ మనిషి ఉండడు. లక్షన్నర మాట వినగానే నాకు భయం వేసింది దానికే.

పొగ సంగతి కూడా దాచను. నేను ఆయిల్ కాల్చి బతికేదాన్ని, నీలం పొగ వదులుతాను. పొగ మీద ఆంక్షలు బిగుస్తున్న రోజుల్లో, 1996లో మా తయారీ ఆగింది. పులుల అడవి గుండా రోజూ పోవడానికి నేను తగిన బండిని కాను. పైగా ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది గాలిలో తేమను పీలుస్తుంది, పాతకాలపు రబ్బరు పైపులను ఉబ్బిస్తుంది, కార్బురేటర్ అడుగున తుప్పు పట్టిస్తుంది. పది రోజులు నిలబెడితే నాకు తిండి కూడా పడటం లేదు.

మరునాడు పొద్దున సారు ఎంటీ 15 మీద కేసరి సముద్రం కట్ట దాకా పోయి వచ్చాడు. హెల్మెట్ తీస్తే మొహం ఇరవై ఏళ్ల పిల్లాడిలా ఉంది. బండి గురించి మాట్లాడటం మొదలుపెట్టి ఆపలేదు. నేను నిజంగా సంతోషించాను. ఆ మొహం నేను 1993లో చూసిన మొహం.

అప్పుడు అమ్మ బయటికొచ్చింది. కట్టు విప్పిన చెయ్యి ఇంకా పూర్తిగా మడవడం లేదు. కొత్త బండి చుట్టూ ఒకసారి తిరిగింది. వెనక, పైకెత్తి పెట్టిన చిన్న సీటు ముక్కను చూసింది.

"మంచిగనే ఉంది బిడ్డా. నేనెక్కడ కూసోవాలె?"

ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ సీటు మీద కాళ్లు ఒకవైపు వేసి కూర్చోవడం కుదరదు. చీర కట్టిన మనిషి ఎక్కడమే కష్టం. నా సీటు పొడుగ్గా, చదునుగా ఉంటుంది. ముప్పై ఏళ్లుగా అమ్మ కూర్చున్న చోట రెక్సిన్ కాస్త లోతుగా దిగి ఉంది.

"నన్ను పడేసిందని దీన్ని అమ్ముతమా ఏందయ్యా? చీకట్ల అడివికి మాత్రం దీని మీద ఇగ వద్దు. అడివికి పోను ఇంకోటి తే. నేను కూసునేటట్ల తే."

ఎంటీ 15 ఆశ అక్కడితో ఆగింది. తర్వాతి వారం మా ఇంటికి ఒక ఎఫ్‌జెడ్ వచ్చింది. 149 సీసీ, 12.4 హార్స్ పవర్, ఏబీఎస్, వెనక అమ్మకు సరిపడా సీటు. బరువు 136 కిలోలు. ఒక్కో గుర్రం పదకొండు కిలోలు లాగాలి. అంటే చురుకులో ఆ కొత్తది నా వెనకే. మా సారు ఆ లెక్క పేపర్ మీద వేసి చూశాడు, నాకు చూపించినట్టుగా నా ట్యాంకు మీద పెట్టి వేశాడు. అయినా అదే కొన్నాడు. దాని బ్రేకు ఆగుతుంది, దాని వెలుగు దూరం పడుతుంది. నేనైనా అదే కొనమని చెప్పేదాన్ని.

ఇక మిగిలింది నా సంగతి. ఎక్కువ దూరం పోనప్పుడు ఆఖరి పావు ఎందుకు ఖర్చు చెయ్యడం, అలాగే ఉంచేద్దామని బిడ్డ అంది. ఆ మాటలో నా మీద ఆపేక్ష ఉంది. కానీ నూనె రాసి గుడ్డ కప్పిన బండి అయి ఉండటం నాకు ఇష్టం లేదు. సారుకూ ఇష్టం లేనట్టుంది. అందుకే ఆ రోజు నన్ను భాయ్ షెడ్డుకు తోసుకొచ్చాడు.

చాలాసేపటికి స్టూలు మీంచి లేచాడు.

"కొట్టెయ్ భాయ్. ముందు బ్రేకు షూలు కొత్తవి వెయ్యి. అది మొదాలు, బోరు తర్వాత."

నా సిలిండర్ నాలుగోసారి లేత్ ఎక్కింది. 51 మిల్లీమీటర్ల పిస్టన్, కొత్త రింగులు, కొత్త పైపులు. మూడో రోజు కిక్కు కొడితే రెండో తన్నుకే అందుకున్నాను.

ఆదివారం పొద్దున బిజినేపల్లి రోడ్డు మీద ఉన్నాం. కొత్త బోరు కాబట్టి మొదటి ఐదు వందల కిలోమీటర్లు మెల్లగా పోవాలి. వేగం 40 దాటడం లేదు. పక్కన పత్తి చేలు, ఇంకా ఎండ ఎక్కలేదు. వెనక నుంచి మెత్తటి చప్పుడు ఒకటి దగ్గరికొచ్చింది. ఎఫ్‌జెడ్ మమ్మల్ని దాటింది. బిడ్డ నడుపుతోంది, వెనక అమ్మ కాళ్లు ఒకవైపు వేసి కూర్చుంది. దాటుతూ అమ్మ మంచి చెయ్యి ఊపింది.

సారు చెయ్యి యాక్సిలేటర్ మీద కాస్త బిగుసుకుంది. మళ్లీ వదిలాడు. నా చప్పుడు వింటున్నాడు.

వాళ్లు బిజినేపల్లి హోటల్ కాడ చాయ చెప్పి మా కోసం చూస్తూ ఉంటారు.