తప్పు గుమస్తాది కాదు: ఒక ర్యాము ఆత్మకథ

నేను ర్యామును. రెండు జీబీ, డీడీఆర్3. జానెడు కూడా లేని పచ్చటి పలక, దాని మీద నల్లటి చిప్పులు, కింది అంచున రెండు వైపులా కలిపి 240 బంగారు పూత పళ్లు. 2011లో గుంటూరు ఏటుకూరు రోడ్డులో ఒక కోల్డ్ స్టోరేజీ ఆఫీసు కంప్యూటరులో నన్ను బిగించారు. మా వైపు కోల్డ్ స్టోరేజీని ‘ఏసీ’ అంటారు. అందులో దాచింది ఏసీ సరుకు, కల్లం నుంచి నేరుగా మిర్చి యార్డుకు వచ్చింది నాన్ ఏసీ సరుకు. రేటు రెంటికీ వేరు.

ఆఫీసుకూ సరుకు దాచే ఛాంబరుకూ మధ్య ఒక్క గోడే అడ్డం. సీజనులో పర్చూరు నుంచీ, యర్రగొండపాలెం నుంచీ లారీలు వచ్చి టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, దిగుతుంటే ఘాటుకు మనుషులంతా తుమ్మేవాళ్లు. నా మీద ఎర్రటి దుమ్ము పేరుకునేది. ఏడాదికి రెండుసార్లయినా మిషను మొరాయించేది. అప్పుడు అరండల్‌పేట నుంచి మెకానిక్కు వచ్చి, నన్ను ఊడదీసి, బడిపిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో నా పళ్లు రుద్ది, ఉఫ్‌మని ఊది, టక్కున మళ్లీ నొక్కేవాడు. మిషను లేచేది. ఆయన చేతి మునివేళ్లు కూడా మిరపఘాటుకు మండేవి కాబోలు, పని కాగానే పంపు దగ్గరికి పరుగెత్తేవాడు.

నా పని కూడా గోడ అవతలి పనిలాంటిదే. నాలో 214 కోట్ల 74 లక్షల 83 వేల 648 గదులున్నాయి, ప్రతి గదికీ ఒక నంబరు. ప్రోగ్రాము వచ్చి చోటు అడుగుతుంది. ఇస్తారు. సరుకు పెట్టుకుని, పనయ్యాక ఖాళీ చేస్తుంది. ఆ గదులు ఇంకొకరికి పోతాయి. ప్రతి గదినీ 64 మిల్లీసెకన్లకు ఒకసారి కరెంటుతో నింపుతూ ఉండాలి, లేకపోతే అందులోది చెరిగిపోతుంది. స్విచ్చి తీస్తే అంతా పోతుంది. సరుకు పోయినా గోడలు మిగులుతాయి కదా, ఇప్పుడు మాట్లాడుతున్నది ఆ గోడలే.

ఫలానా నంబరు గదిలో రాయమంటే రాస్తాను, తీసిమ్మంటే తీసిస్తాను. అడిగిన వాళ్లదేనా ఆ గది అని చూడటం నాకు రాదు. ఒక ప్రోగ్రాముకూ ఇంకో ప్రోగ్రాముకూ మధ్య విండోస్ గోడ కడుతుంది గానీ, ఒకే ప్రోగ్రాము లోపల ఏ గది ఎవరిదో లెక్క చూసుకోవలసింది దాన్ని రాసినవాళ్లే. బ్రౌజర్లూ మెయిలు సాఫ్ట్‌వేర్లూ ఎక్కువ భాగం సీ, సీ++ భాషల్లో రాసినవి. ఆ భాషలకు వేగం ఎక్కువ. గది నంబరు చెబితే చాలు, హద్దు అడగవు.

హద్దు అడగకపోతే ఏమవుతుందో మా ముందుతరం ర్యాములు 2000లోనే చూశాయి. ఉత్తరం మీద తేదీ వేసినట్టు ప్రతి ఈమెయిలుకూ తేదీ, టైము ఉంటాయి. ఔట్‌లుక్, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే మెయిలు ప్రోగ్రాములు ఆ టైము వివరానికి కొద్దిపాటి చోటు కేటాయించి, వచ్చింది అందులో పడుతుందో లేదో కొలవకుండా పోసేసేవి. పది టిక్కీల చోట ఇరవై పేరిస్తే వరస ఒరిగి పక్క లాటు మీద పడుతుంది. ఇక్కడా అంతే. దొంగ కావాలని పొడుగాటి తేదీ రాసి పంపితే, పొంగిపోయిన అక్షరాలు పక్క గదుల్లో పడి ఆజ్ఞలుగా మారగలవు. ఆ మెయిలును తెరవక్కర్లేదు, సర్వరు నుంచి దిగితే చాలు. మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది జులైలో దానికి మరమ్మతు ఇచ్చింది.

రెండో రకం తప్పు ఇంతకన్నా మోసకారిది. మా ఏసీలో ఒక రైతు సరుకు తీసుకుపోయాడనుకోండి. ఆ ర్యాకు ఇంకొకరికి ఇచ్చారు. మొదటి రైతు పాత చీటీ మాత్రం ఎవరూ చింపలేదు. దాంతో ఎవడో వచ్చి నిలబడితే, కాపలావాడు నంబరు చూసి ర్యాకు చూపిస్తాడు. బ్రౌజరు లోపల జరిగేదీ ఇదే. గది ఖాళీ అయ్యింది, దాని నంబరు మాత్రం ప్రోగ్రాములో ఎక్కడో మిగిలిపోయింది. ఆ ఖాళీ గదిలోకి దొంగ తన సరుకు చేరవేస్తాడు. ప్రోగ్రాము పాత చీటీతో వచ్చి, తన సరుకే అనుకుని దాన్ని ఎత్తుకుని, అందులో ఏం రాసి ఉంటే అది చేస్తుంది. 2014 ఏప్రిల్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 నుంచి 11 దాకా అన్నింటిలోనూ బయటపడిన లోపం ఈ రకమే. విండోస్ ఎక్స్‌పీకి మద్దతు ఆ నెల 8నే ముగిసినా, ప్రమాదం పెద్దది కావడంతో మే 1న దానికీ మరమ్మతు ఇవ్వక తప్పలేదు.

నా దాకా వచ్చింది 2015 ఏప్రిల్‌లో. ఏ బ్రౌజరో పేరు అనవసరం. అప్‌డేట్ చేయమని ఫిబ్రవరి నుంచీ అది అడుగుతూనే ఉంది. యజమానికి యార్డులో కమీషన్ కొట్టు కూడా ఉంది, ఊపిరాడని రోజులు. “సీజను అయ్యాక చూద్దాంలే, ఇప్పుడు మిషను ఆగితే చస్తాం” అన్నాడు. గుమస్తా తలూపాడు.

ఆ ఉదయం గుమస్తా టీ గ్లాసు పక్కన పెట్టి, రోజూ చూసినట్టే తేజ రకం మిర్చి రేటు చూద్దామని ఒక పేజీ తెరిచాడు. పక్కన ప్రకటన ఒకటి దిగింది. ఆయన దాని మీద నొక్కలేదు, దాని వంక చూడనైనా లేదు. నేను చూశాను. ఆ ప్రకటన నాలో వేల గదులు అడిగి ఒకే సరుకుతో నింపింది. ఒక బొమ్మను పుట్టించి చెరిపింది. ఖాళీ అయిన ఆ చోటే మళ్లీ పట్టుకుంది. బ్రౌజరు పాత నంబరుతో ఆ గదికి వచ్చింది. అక్కడి నుంచి మిషను మా గుమస్తాది కాదు. రేట్ల పేజీ మామూలుగానే కనిపిస్తోంది. ఆయన 334 రకానికి ఎంత పలికిందో కాగితం మీద రాసుకుంటున్నాడు. ఆలోపు మా మెయిలు పాస్‌వర్డు వెళ్లిపోయింది.

పది రోజులకు పక్క రాష్ట్రం వ్యాపారికి మా అడ్రసు నుంచే మెయిలు వెళ్లింది, బ్యాంకు ఖాతా మారిందని. ఆయన నమ్మి డబ్బు ఆ కొత్త ఖాతాలో వేశాడు. అది పర్చూరు దగ్గరి ఒక ఆడమనిషి 62 టిక్కీల డబ్బు. ఆమె కొంగు నడుముకు దోపుకుని ఆఫీసు గుమ్మంలో కూర్చుంది.

“బాబూ, పత్తి చేలో ఎటూ పోయింది. ఈ మిరపకాయల మీదే ఉన్నాను. పిల్లకు ఫీజు కట్టాలి.”

“రెండ్రోజులు ఆగు పిన్నీ, వస్తాయి” అన్నాడు గుమస్తా. రాలేదు.

సంగతి తెలిశాక యజమాని మండిపడ్డాడు. “ఏదో పిచ్చి లింకు నొక్కుంటావురా.”

“నేనేమీ నొక్కలేదండీ.”

ఎవరూ నమ్మలేదు. ఆ కోపంలో ప్లగ్గు పీకేశారు. నాలో ఏమైనా ఆనవాలు మిగిలి ఉంటే అది కూడా ఆ క్షణంలోనే పోయింది. ఇలాంటి దాడి డిస్కు మీద జాడ పెట్టకుండా నాలోనే నడిచిపోవచ్చు. అందుకే పరిశోధకులు మిషను ఆపకముందే ర్యాము నకలు తీయాలంటారు. మా ఆఫీసులో ఆ సంగతి ఎవరికి తెలుసు? యజమాని మంచివాడే, ఆమెకు తన డబ్బు ఇచ్చి పంపాడు. గుమస్తా జీతంలో మాత్రం నెలకు రెండు వేల చొప్పున పది నెలలు కోశాడు.

2017 మే నెల గుర్తుంది. ధర పడిపోయి, మిరపకాయలు క్వింటాలుకు 5,000 రూపాయలకు కొంటామని కేంద్రం ప్రకటించిన నెల. 12వ తేదీన వానాక్రై అనే దొంగ ప్రోగ్రాము ప్రపంచమంతా పాకింది. మన రాష్ట్రంలో గుంటూరు, కృష్ణా, చిత్తూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. అది బ్రౌజరు గుండా రాలేదు, విండోస్‌లో ఫైళ్లు పంచుకునే భాగం గుండా వచ్చింది. అయినా మూలం అదే, కొలవకుండా పోసి పొంగించడం. మరమ్మతు మార్చి 14నే ఇచ్చారు. రెండు నెలలు దాన్ని వేసుకోని వాళ్లకే తగిలింది. యజమాని కొడుకు చినబాబు ఆ వార్త చదివి, నా మిషనుకు ఆ రాత్రే అప్‌డేట్ వేశాడు. అప్పుడైనా గుమస్తా సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఈ తప్పులు అరుదనుకోకండి. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిచేసే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం ఈ జ్ఞాపకస్థానాల తప్పులేనని 2019లో మైక్రోసాఫ్ట్ చెప్పింది. తీవ్రమైన లోపాల్లో తమకూ అంతేనని 2020లో క్రోమ్ వాళ్లు చెప్పారు, అందులో సగం నేను చెప్పిన పాత చీటీ రకం. ముప్పై నలభై ఏళ్లుగా చేయి తిరిగినవాళ్లు రాసినా ఇవి తప్పడం లేదంటే, లోపం మనిషి శ్రద్ధలో లేదని నా నమ్మకం. పనిముట్టులో ఉంది. మన తెలుగువాడు సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ సీఈఓగా 2024 మేలో తన ఉద్యోగులకు లేఖ రాసి, మిగతా పనులన్నిటికన్నా భద్రతను ముందు పెట్టమన్నాడు. ఆలస్యంగానైనా మంచి మాట.

పనిముట్టు మార్చడమూ మొదలైంది. 2015 మేలో మొదటి స్థిరమైన రూపం వచ్చిన రస్ట్ అనే భాషలో ప్రతి సరుకుకూ ఒక్కడే యజమాని. మా ఏసీ బాండు అసలు కాగితం ఒకరి చేతిలోనే ఉండాలన్నట్టు. యజమాని వెళ్లాక పాత చీటీ వాడే వీలు కనిపిస్తే, ప్రోగ్రాము తయారవడానికే ఆ భాష ఒప్పుకోదు. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పేజీ అలంకరణ భాగాన్ని అందులో రాసుకుంది. మెయిలు చూసే థండర్‌బర్డ్ కూడా ఆ దారి పట్టింది. పాత కోడు కోట్ల పంక్తులు ఉంది, రాత్రికి రాత్రి మారదు. 2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలు విప్పే ఒక్క చిన్న భాగంలో పొంగు కనబడితే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ మూడూ పరుగున మరమ్మతు చేసుకోవలసి వచ్చింది.

ఆ మరమ్మతు అందుకునే వయసు నా మిషనుకు దాటిపోయింది. విండోస్ 7కు మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. క్రోమ్ కూడా 2023లో 109వ రూపంతో మాకు సెలవు చెప్పింది. చినబాబు కొత్త మిషను తెచ్చి మెయిలు, బ్యాంకు పనులు దాని మీదికి మార్చాడు, నా మిషనుకు నెట్టు వైరు పీకేశాడు. సరైన పని చేశాడు. నేనిప్పుడు కాటా చీటీలు కొట్టించుకుంటున్నాను. మీ కొట్లోనూ ఇలాంటి పాతది ఉంటే అలాగే చేయండి. కొత్తది అప్‌డేట్ అడిగితే సీజను అయ్యాక అనకండి, ఆ రాత్రే వేయండి.

గుమస్తా ఇంకా ఇక్కడే ఉన్నాడు. ఆ 20,000 రూపాయలు ఇప్పటికీ ఆయనకు తిరిగి రాలేదు. ఇచ్చేయాలి.