పూత మీద టికెట్టు

నూజివీడు వైపు మామిడి తోటల్ని పూత మీద అమ్మే అలవాటు ఉంది. చెట్టు నిండా పూత కనబడగానే వ్యాపారి వస్తాడు. తోటంతా ఓ చుట్టు తిరిగి, తల పైకెత్తి చూసి, పెదవి విరిచి ఒక రేటు చెబుతాడు. బేరం కుదిరితే బయానా ఇస్తాడు. ఆ తర్వాత తేనెమంచు పురుగు పట్టినా, ఈదురుగాలికి పిందె రాలిపోయినా నష్టం వ్యాపారిదే అని మాట. మాట మాటే గానీ, గాలి కొట్టిన మర్నాడు పొద్దున్నే ఆయన రైతు ఇంటి అరుగు మీద కూర్చుని ఉంటాడు. "ఏదో ఒకటి చూడండి" అంటాడు. రైతు ముందు తిడతాడు, తర్వాత కాఫీ ఇప్పిస్తాడు, చివరికి ఏదో ఒకటి చూస్తాడు.

విమానం టికెట్టు కూడా పూత మీద బేరమే. డబ్బు జనవరిలో, సరుకు మే నెలలో. కాకపోతే ఇక్కడ బయానా అనే మాట లేదు, మొత్తం ముందే కట్టాలి. గాలి కొడితే మన అరుగు మీదికి ఎవరూ రారు. మనమే వాళ్ల అరుగు దగ్గరికి పోయి నిలబడాలి. ఆ అరుగు పేరు హెల్ప్ డెస్క్. దాని వెనక కుర్చీ ఉంటుంది, కంప్యూటర్ ఉంటుంది, మనిషి ఉండడు.

ఆగిరిపల్లి దారిలో తోట ఉన్న మా పెదనాన్న ఈ రెండు బేరాలూ ఒకే వారంలో చేశాడు. తోట అమ్మాడు, టికెట్లు కొన్నాడు. కొడుకు డాలస్‌లో ఉంటాడు. కోడలు తన తమ్ముడి పెళ్లికి ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వచ్చింది. తిరిగి వెళ్లేటప్పుడు అత్తమామల్ని వెంటబెట్టుకుపోవాలని ఏర్పాటు. వీసా గండం అప్పటికే గట్టెక్కింది. వీసాకైతే చిలుకూరు బాలాజీ ఉన్నాడు. వెళ్లి 11 ప్రదక్షిణలు చేసి కోరుకోవడం, వచ్చాక 108 చేసి బాకీ తీర్చడం, లెక్క ఖచ్చితంగా ఉంటుంది. విమానం ఆలస్యాలు చూసుకునే దేవుడు మాత్రం మన వైపు ఇంకా వెలవలేదు. వెలిస్తే హుండీ ఆదాయంలో తిరుపతికి దడే.

హనుమాన్ జంక్షన్‌లో ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన ఇన్నోవా, గన్నవరం విమానాశ్రయం పక్కనుంచే పోయింది. ఇంటికి గంటలోపు దూరంలో ఉన్న ఈ విమానాశ్రయానికి 2017లో అంతర్జాతీయ హోదా వచ్చింది. 2018 డిసెంబరులో సింగపూర్‌కి విమానం వేశారు. సీట్లు నిండకపోతే ఆ డబ్బు ప్రభుత్వం కడతానంది. 2019లో ప్రభుత్వం మారింది, విమానం ఆగింది. 2022లో షార్జాకి మొదలైంది. డాలస్ వెళ్లే మామిడి రైతుకి షార్జాలో పనేముంది? కాబట్టి ఒక అంతర్జాతీయ విమానాశ్రయానికి కారులోంచే నమస్కారం పెట్టి, మరో అంతర్జాతీయ విమానాశ్రయాన్ని వెతుక్కుంటూ సూర్యాపేటలో టిఫిన్ చేసి శంషాబాద్ చేరారు. సాగనంపడానికి వెనక ఇంకో కారు. అందులోవాళ్లకి లోపలికి ప్రవేశం లేదని అందరికీ తెలుసు. అయినా రాకపోతే ఏమనుకుంటారు?

పెట్టెల సంగతి చెప్పకపోతే పెద్దమ్మ ఊరుకోదు. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకి 23 కిలోలు. పెట్టెల్లో సగం బట్టలు ఆవకాయ డబ్బాలు ఒకదానికొకటి తగలకుండా అడ్డం పెట్టినవే. టెంకతో సహా ముక్కలు కొట్టించి కలిపిన ఆవకాయని మూత మీద టేపు, టేపు మీద కవరు, కవరు మీద మళ్లీ టేపు వేసి ఎంత భద్రంగా కట్టిందంటే, నూనె సంగతి అటుంచి, డాలస్‌లో కొడుక్కి కూడా అందులోకి దారి దొరకదు. మాంసం పచ్చళ్లు అక్కడ రానివ్వరని కోడలు ముందే చెప్పింది. పచ్చి కాయలు, పండ్లు అసలే కుదరవు. అమెరికా చాలా ఏళ్ల నిషేధం తర్వాత 2007లో మన మామిడికి తలుపు తీసింది గానీ, 400 గ్రేల రేడియేషన్ తగిలి, దానికి సర్టిఫికెట్ ఉంటేనే గడప దాటనిస్తుంది. 2025 మే నెలలో ముంబై వైపు నుంచి వెళ్లిన సరుకు కాగితాల్లో తేడా వచ్చిందని 15 కన్‌సైన్‌మెంట్లు ఆపేశారు. వెనక్కి తెచ్చుకుంటే రవాణా ఖర్చే ఎక్కువని అక్కడే పారబోశారు. మామిడికాయ ప్రయాణం కూడా మనిషి ప్రయాణం లాంటిదే. పండు మంచిదా కాదా అని ఎవరూ అడగరు, కాగితం అడుగుతారు.

పెదనాన్నకి వీల్‌చెయిర్ బుక్ చేశారు. కాళ్లకేం జబ్బు లేదు. తోట అమ్మినప్పుడు ఇంటి వాడకానికి అట్టిపెట్టుకున్న చిన్నరసం చెట్టు ఒకటుంది. బయల్దేరే రోజు పొద్దున కూడా నిచ్చెన ఎక్కి, చిక్కంతో తనే కాయలు కోశాడు. కానీ వీల్‌చెయిర్ తెలుగు తల్లిదండ్రులకి కాళ్లు కాదు, నోరు. దాన్ని తోసే కుర్రాడికి ఇమిగ్రేషన్ ఎక్కడో తెలుసు, గేటు ఎక్కడో తెలుసు, ఇంగ్లిషులో అడిగినదానికి ఇంగ్లిషులో చెప్పడం తెలుసు. ఇన్ని తెలిసిన మనిషి మామూలుగా నడిచేవాళ్లకి దొరకడు కాబట్టి జనం కూర్చుంటున్నారు. గేటు ముందు పదిహేను, ఇరవై కుర్చీలు బారుగా కనబడితే అది ఆసుపత్రి అనుకోనక్కర్లేదు. కొడుకులు, కూతుళ్లు అమెరికాలో స్థిరపడ్డ జిల్లాల జాబితా అనుకోవచ్చు.

విమానం సమయం తెల్లవారుజామున 2 గంటల 10 నిమిషాలు. 3 గంటలకి అందరినీ ఎక్కించారు. ఎక్కించి, బెల్టులు పెట్టించి, తలుపు తెరిచే ఉంచి, గంటన్నర కూర్చోబెట్టారు. ఏదో చిన్న మరమ్మతు అన్నారు. మరమ్మతు అయ్యేలోపు సిబ్బంది డ్యూటీ గంటలు అయిపోయాయి, వేరే సిబ్బంది రావాలి, దిగండి అన్నారు. ఇది తప్పు అనను. నిద్రలేని పైలట్ చేతిలో పడేకంటే నిద్రలేని ప్రయాణికుడిగా మిగలడం మేలు. కాకపోతే పైలట్ నిద్రకి గంటల లెక్క కట్టిన పుస్తకం ఉంది. మూడేళ్ల పిల్లాణ్ని భుజాన వేసుకుని నిలబడ్డ తల్లి నిద్రకి లేదు.

ఇక్కడినుంచి వాయిదాలు మొదలయ్యాయి. బోర్డు మీద 5 గంటలు అని వేశారు. 5 కాగానే 6 అయింది. 6 కాకముందే 7 అయింది. గంట ఆలస్యం అని చెబితే జనం కూర్చుంటారు, ఆరు గంటలని చెబితే లేస్తారు. అందుకని ఆరు గంటల్ని ఆరు ముక్కలు కొట్టి వడ్డిస్తారు. దీని వెనక శాస్త్రం ఉందని కోడలు ఫోన్‌లో చదివి వినిపించింది. మన పౌర విమానయాన డైరెక్టరేట్ నియమాల ప్రకారం, దూర ప్రయాణమైతే నాలుగు గంటలు ఆలస్యం దాటాక తిండి పెట్టాలి. రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 లోపు బయల్దేరాల్సిన విమానం ఆరు గంటలకి మించి ఆలస్యమైతే హోటల్ గది ఇవ్వాలి. ఇప్పుడు లెక్క చూడండి. వడ, ఇడ్లీ కూపన్లు సరిగ్గా 6 గంటల 10 నిమిషాలకి, అంటే నాలుగు గంటలు నిండిన నిమిషంలో పంచారు. విమానం తలుపు 8 గంటల 5 నిమిషాలకి మూశారు. అంటే 5 గంటల 55 నిమిషాలు. 2 గంటల 10 నిమిషాలకి బయల్దేరలేని వాళ్లు, ఆరో గంట కొట్టడానికి ఐదు నిమిషాల ముందు బయల్దేరగలిగారు. సమయపాలన లేదని ఎవరండీ అన్నది?

కూపన్ అనగానే పెదనాన్న వీల్‌చెయిర్‌లోంచి లేచి, అందరికంటే ముందు కౌంటర్ దగ్గర ఉన్నాడు. తోసే కుర్రాడు ఖాళీ కుర్చీ పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాడు. బహుశా అలవాటైన అద్భుతమే అయ్యుంటుంది. ఏమీ అనకుండా కుర్చీ పక్కకి పెట్టుకుని తనూ ఓ నిమిషం అందులో కూర్చున్నాడు. కూపన్ విలువకి వడ వస్తుంది, కాఫీ రాదు. వడ లేకుండా కాఫీ తీసుకుంటే మిగిలిన చిల్లర రాదు. వ్యాపారంలో పండిన పెదనాన్న కూడా అక్కడ బేరం పెట్టలేకపోయాడు.

దానికి కాస్త ముందు, ఐదున్నరకి, పెద్దమ్మ చేతిసంచీ తెరిచింది. పొద్దున కోసినవాటి కింద గడ్డిలో అంతకుముందే మాగిన చిన్నరసాలు కొన్ని తెచ్చింది. అమెరికాలో దిగేలోపు తినెయ్యాలనే తెచ్చింది, ఎప్పుడు, ఎక్కడ అనేది విమానం వాళ్లే తేల్చారు. చిన్నరసాన్ని కోసుకు తినరు. రెండు అరచేతుల మధ్య మెత్తగా నలిపి, ముచ్చిక గిల్లి, మొదటి చుక్క జీడి పిండేసి, నోట పెట్టుకు జుర్రాలి. రసం మణికట్టు దాటి మోచేతికి దిగుతుంది. దిగనివ్వాలి. గేటు దగ్గర కూర్చున్న నిద్రమొహాలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. ల్యాప్‌టాప్ ముందేసుకున్న కుర్రాడు ఒకడు, "నూజివీడాండీ?" అని అడిగాడు. పండుని బట్టి ఊరు చెప్పినవాడికి పండు ఇవ్వకపోతే పాపం. వాడు మైలవరం వాడట. గేటు దగ్గర అందరి తిట్లూ తింటున్న ఎయిర్‌లైన్స్ అమ్మాయికి కూడా పెద్దమ్మ ఒకటి ఇచ్చింది. డ్యూటీలో తినకూడదంది. తీసుకుని డ్రాయర్‌లో పెట్టుకుంది. ఆ తర్వాత ఆలస్యం కబురు చెప్పిన ప్రతిసారీ మా వాళ్ల వైపు చూసి "సారీ ఆంటీ" అని విడిగా అంది. మొత్తం వ్యవస్థలో వాళ్లకి అందిన పరిహారం అదే.

పరిహారం మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. యూరప్‌లో 2004 నాటి చట్టం ఒకటుంది. అక్కడ బయల్దేరే విమానం, ఏ దేశపు కంపెనీదైనా సరే, 3,500 కిలోమీటర్లకి మించిన ప్రయాణంలో నాలుగు గంటలు దాటి ఆలస్యంగా చేరిస్తే, తప్పు కంపెనీదైతే మనిషికి 600 యూరోలు కట్టాలి. మంచు పడిందంటే మాఫీ. మరమ్మతు వచ్చిందంటే మామూలుగా మాఫీ లేదు, బండి బాగుచేసుకోవడం నీ పని అంటాయి అక్కడి కోర్టులు. అదే కంపెనీ, అదే రకం విమానం, అదే మరమ్మతు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అయితే 600 యూరోలు, శంషాబాద్‌లో అయితే వడ. అంతర్జాతీయంగా మాంట్రియల్ ఒప్పందం ఒకటుంది, మనం 2009లో చేరాం. నష్టం రుజువు చేస్తే డబ్బు ఇస్తారు, దావా రెండేళ్లలోపు వెయ్యాలి. మా వాళ్ల దగ్గర ఉన్న రుజువల్లా పులిసిపోయిన పెరుగన్నం డబ్బా. దాన్ని రెండేళ్లు దాచలేం గదా.

విమానయానానికి మనవాళ్లు మంత్రులు కాలేదని బాధపడేందుకూ లేదు. 2014లో విజయనగరం నుంచి అశోక్ గజపతిరాజు గారు, 2024లో శ్రీకాకుళం నుంచి రామ్మోహన్ నాయుడు గారు. ఇంతకంటే ఏం కావాలి? ఆ రోజు ఆలస్యం ప్రకటన తెలుగులో రాలేదు గానీ, ఇంగ్లిషులో వచ్చిన ఆ రెండు మాటలు, 'ఆపరేషనల్ రీజన్స్', నూజివీడు దాకా అందరికీ కంఠతా వచ్చాయి. వాటికి ఎదురు ప్రశ్న ఉండదు. 2024 జులైలో ప్రపంచమంతా కంప్యూటర్లు మొరాయించినప్పుడు శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. జనం వాటిని ఫొటోలు తీసి దాచుకున్నారు. కారణం కళ్లకి కనబడితే మనవాళ్లు ఆరు గంటలు కాదు, పూటంతా కూర్చుంటారు. ఆ రెండు మాటలు మాత్రం ఒంటికి పట్టవు. పెదనాన్న డాలస్‌లో కొడుకు ఇల్లు చేరగానే వాటిని వాడకంలో పెట్టాడు. ఆఫీసుకి ఎందుకు ఆలస్యమైందని అడిగితే ఇదే చెప్పమని కొడుక్కి నేర్పాడు.

చివరికి 7 దాటాక మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టారు. ముందు వీల్‌చెయిర్లు, తర్వాత చంటిపిల్లలు, తర్వాత జోన్ 1, జోన్ 2. జోన్ 1 అనగానే జోన్ 5 మొత్తం లేచింది. ఇందులో ఆశ్చర్యం లేదు. పై సామానుల అరలో చోటు పొలం గట్టు లాంటిది, ముందు పోయినవాడిదే. పెదనాన్న మళ్లీ కుర్చీలో బుద్ధిగా కూర్చుని, కాళ్లు దగ్గరికి తీసుకుని, అందరికంటే ముందు వెళ్లాడు. మధ్యలో మారాల్సిన విమానం తప్పిపోయింది, ఆ కథ వేరు. డాలస్‌లో దిగేసరికి ఐదుగురికీ ఏ రోజో తెలియలేదు. ఆవకాయ డబ్బాలు మాత్రం చుక్క నూనె కారకుండా దిగాయి.

మొన్న కొడుకు తిరుగు టికెట్లు చూస్తుంటే పెదనాన్న పక్కనే కూర్చున్నాడట. ఫ్రాంక్‌ఫర్ట్ దాకా ఒకటి, అక్కడినుంచి హైదరాబాద్‌కి విడిగా ఇంకోటి ఉందని వినగానే లేచి కళ్లజోడు తెచ్చుకున్నాడు.

"ఇద్దరికీ కలిపి 1,200 యూరోలు. మన డబ్బుల్లో లక్ష పైమాటే కదరా?"

"ఆలస్యమైతేనే నాన్నా."

"అక్కడ మంచు బాగా పడుతుందా?"

"మంచుకి ఇవ్వరు. తప్పు వాళ్లదై ఉండాలి. మెషిన్ పాడైతే ఇస్తారు."

"అయితే మెషిన్ పాడవ్వాలని మన ఆగిరిపల్లి శోభనాచల స్వామికి మొక్కుకుంటా."

వంటింట్లోంచి పెద్దమ్మ గొంతు వినబడిందట. "ఏవండీ, పాడయ్యేది మనం ఎక్కకముందో ఎక్కాకో, అది సరిగ్గా చెప్పి మొక్కండి."