వదినగారు ఇంకా ఆలోచిస్తున్నారు

మిరపకాయకు రంగే ప్రాణమన్న సంగతి మీద గుంటూరు యార్డులో ఎవరూ వాదించరు, బేరం మాత్రం ఆడతారు. రంగు దిగి తెల్లబడ్డ కాయకు తాలు అని పేరుపెట్టి వేరే కుప్ప పోస్తారు, దానికొచ్చే ధర ఇంటికెళ్లి చెప్పుకునేలా ఉండదు. ఉన్న రంగు ఇంకొన్ని నెలలు నిలవాలనే కదా ఊరి చుట్టూ ఏ రోడ్డెక్కినా కోల్డ్ స్టోరేజీలు కనపడేది! అందులోంచి తీసిన సరుకును ఏసీ అంటారు, ధరల పట్టీలో దానికి వేరే వరస. టిక్కీలకు టిక్కీలు చల్లగా దాచి, అద్దెలు కట్టి, అవసరమైతే వాటి మీద బ్యాంకులో అప్పు తెచ్చి మరీ కాయ రంగు కాపాడుకునే మగవాళ్లు, ఇంట్లో ఆవిడ అద్దం ముందు నిలబడి బుగ్గ మీది మంగుమచ్చను కాస్త ఎక్కువసేపు చూసుకుంటే నవ్వుతారు. ఆ నవ్వు నవ్వే హక్కు ఈ ప్రాంతానికి లేదన్నది నేను చెప్పదలుచుకున్న మాట. అలాగని వదినగారిని మొదటినుంచీ చివరిదాకా వెనకేసుకురావడమూ కష్టమే. ఆవిడ పనులు అలా ఉంటాయి.

వదినగారంటే ఎవరో మీకు చెప్పక్కర్లేదు. నరసరావుపేటలో ఉంటారు, పర్చూరులో ఉంటారు, పిల్లల చదువుల కోసమని వచ్చి బ్రాడీపేటలో స్థిరపడిపోయిన వాళ్లలో అయితే వీధికి నలుగురుంటారు. అత్తవారి పత్తిచేలు కౌలుకిచ్చారు, కొడుకు డాలస్‌లో ఉన్నాడు, మోకాళ్లు ఇంకా బాగానే ఉన్నాయి. వయసు యాభైకి అటో ఇటో, ఎటు అన్నది అడిగే సందర్భాన్ని బట్టి. ఈ విషయంలో ఆవిడ దగ్గర గట్టి సాక్ష్యమే ఉంది. బళ్లో వేయాలంటే ఐదేళ్లు నిండాలి గనక నాన్నగారు ఒకటో రెండో కలిపి చెప్పారు, హెడ్మాస్టరుగారు జూన్ ఒకటో జులై ఒకటో చూసుకుని రాసేశారు, కాబట్టి ఆధార్ కార్డులో ఉన్నది ఆవిడ వయసు కాదు, హెడ్మాస్టరుగారి ఊహ. ఆ తరంలో చాలామంది విషయంలో ఇది నిజమే కావడంతో కొట్టిపారెయ్యలేం. కాకపోతే 2020 మార్చిలో ఆపేసేదాకా రైల్లో ఆడవాళ్లకు 58 నిండితే సగం టికెట్టు ఉండేది. వదినగారి పెద్దక్కగారికి ఆ కౌంటరు దగ్గర మాత్రం హెడ్మాస్టరుగారి ఊహే వేదవాక్కు.

వదినగారి వాట్సాప్ ఫొటో కొడుకు పెళ్లినాటిది, అది కాకపోతే మనవరాలిది. గ్రూపు ఫొటోలో రెండో వరసలో, ఎవరిదో పట్టుచీర భుజం వెనక ఉంటారు. ఓణీల ఫంక్షన్ నుంచి ఇంటికొచ్చాక పిల్ల నగల కంటే ముందు చర్చకొచ్చేది తోటికోడలి నుదురు. ఆవిడేదో చేయించుకుంది, లేకపోతే ఆ గీతలు ఏమైనట్టు? ఈ దర్యాప్తు నెలల తరబడి సాగుతుంది. మధ్యలో ఎవరైనా మీరూ వెళ్లకూడదా అంటే, దేవుడిచ్చిన మొహం, నాకవన్నీ ఇష్టం ఉండవమ్మా అంటారు. అప్పటికే ఆవిడకు సగం వైద్యశాస్త్రం వచ్చేసి ఉంటుంది. కెనడాలోని వాంకూవర్‌లో జీన్ కారుథర్స్ అనే కంటి డాక్టరమ్మ, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు బోటులినమ్ ఇంజెక్షన్ ఇస్తూ, దాంతో కనుబొమల మధ్య గీతలు కూడా పోతున్నాయని 1987 ప్రాంతంలో గమనించింది. చర్మవైద్యుడైన భర్త అలస్టేర్‌తో కలిసి 1992లో ఆ సంగతి వైద్యపత్రికలో రాసింది. 2002లో అమెరికాలో ఆ గీతల కోసమే వాడుకోవచ్చని అనుమతి వచ్చింది. నరం పంపే కబురు కండరానికి అందకుండా చేయడమే ఆ మందు పని, అదీ మూణ్ణాలుగు నెలలే. వదినగారు ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయారు. ఆగడం న్యాయమే. కనుబొమలు ముడిపడకపోతే ఇల్లెలా నడుస్తుంది? పనమ్మాయి ఆలస్యంగా వచ్చినా, ఆయన మూడో అరిసె మీద చెయ్యి వేసినా, వీడియో కాల్‌లో కోడలు పిల్లాడికి ఫ్రిజ్జు నీళ్లు తాగిస్తూ కనిపించినా ఆవిడ నోరు విప్పరు. అంతా ఆ రెండు గీతలే చూసుకుంటాయి.

ఇదంతా పైపై మెరుగుల పిచ్చి, మనసు అందంగా ఉంటే చాలదా అని పెద్దమనుషులు అంటారు. మాట బాగానే ఉంది, సమయమే బాగాలేదు. పద్దెనిమిదో ఏట పెళ్లిచూపుల్లో చాప మీద కూర్చోబెట్టి, పిల్ల కళగా ఉందనో, కాస్త చామనచాయ అనో పదిమంది తీర్పు చెప్పిన రోజున ఈ మనసు సంగతి ఎవరూ ఎత్తలేదు. కట్నం లెక్కలో రంగుకు కొంత తగ్గింపు, ముక్కుకు కొంత కూడింపు జరిగాయి. ముప్పయ్యేళ్లు ముఖాన్నే అర్హతగా చూసి, అది సడలే వేళకు ముఖంతో పనేముందంటే ఎవరు నమ్ముతారు? మా అమ్మమ్మలు హుందాగా ముసలివాళ్లయ్యారు అని ఇంకో మాట. వాళ్లను ఎవరైనా అడిగారా? పదిహేడుకు తల్లి, ముప్పయ్యారుకు అమ్మమ్మ. కూతురు పురిటికి వచ్చిన నాటినుంచి ముదురు రంగు చీరలు మానమని చెప్పేవాళ్లు ఇంటినిండా ఉండేవాళ్లు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఈ దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడు 70 దాకా వచ్చింది. యాభై తర్వాత ఇంకో పాతికేళ్లు ఆరోగ్యంగా, చేతిలో కాస్త డబ్బుతో బతకడం ఎలాగో వదినగారికి చూపించిన వాళ్లు వెనక తరంలో పెద్దగా లేరు. దారి వెతుక్కునే మనిషి నాలుగు తలుపులు తడుతుంది, అందులో ఒకటి స్కిన్ క్లినిక్‌ది.

పొలం పనికి పోయే ఆడవాళ్లకు ఈ గోల లేదుగా అన్నది అన్నిటికంటే బలంగా వినపడే అభ్యంతరం. ఇది అనేవాళ్లు జనవరి, ఫిబ్రవరి నెలల్లో మిరప కోతలు చూడలేదనుకోవాలి. కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు కోతలకు దిగుతాయి. ఆ ఆడవాళ్లు చీర మీద మొగుడి ఫుల్‌హ్యాండ్ చొక్కా తొడుగుతారు, తలకూ బుగ్గలకూ తువ్వాలు చుట్టి కళ్లు మాత్రం బయటికి ఉంచుతారు. కారం ఘాటుకు కొంత, ఎండకు చాలా. సాయంత్రం బడ్డీకొట్టులో వాళ్లు కొనే సరుకుల్లో క్రీము ప్యాకెట్టు ఉంటుంది, పండగ ముందు తలరంగు ప్యాకెట్టు ఉంటుంది. ముఖం గురించిన బెంగ అందరికీ ఉంది, దాని మీద ఖర్చుపెట్టే వీలే కొందరికి ఉంది. ముఖాన్ని ముసలిదాన్ని చేసేది కాలం కంటే ఎక్కువగా ఎండేనని వైద్యులు ఊరికే అనరు. 28 ఏళ్లు సరుకుల లారీ నడిపిన 69 ఏళ్ల అమెరికా డ్రైవరు ఫొటో ఒకటి 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. కిటికీ అద్దం వైపున్న ఎడమ చెంప మందమై, ముడతలు పడి, రెండో చెంప కంటే ఎన్నో ఏళ్లు పెద్దగా కనపడుతుంది. మనిషి ఒక్కడే, పుట్టినరోజూ ఒక్కటే. ఇక వదినగారి మంగు సంగతి. దానికి కాన్పులూ, హార్మోన్లూ, వంశమూ కారణాలే గాని రేపిపెట్టేది ఎండ. పెళ్లైన కొత్తలో కల్లంలో కాయలు తిరగబోసిన ఎండ అది. ఆవిడ పోగొట్టుకోవాలనుకునేది వయసును కాదు, ఆ కల్లాన్ని.

మగవాళ్లు మీసాలకు రంగు వేసుకోవడం గురించి ఎక్కువ రాయను, ఎండాకాలం పెళ్లిలో చెమట పడితే అదే బయటపడుతుంది. ఒక్క సంగతి మాత్రం. 1972లో ‘బడిపంతులు’ సినిమాలో ఎన్టీఆర్‌కు మనవరాలిగా నటించిన శ్రీదేవి, 1979లో ‘వేటగాడు’లో ఆయన పక్కన హీరోయిన్. అప్పటికి ఆయనకు 56, ఆ అమ్మాయికి ఇంకా 16 నిండలేదు. మన జిల్లాల్లో ఆ పాటలకు ఈలలు వేసిన పెద్దలే ఇవాళ వదినగారితో వయసుకు తగ్గట్టు ఉండాలమ్మా అంటున్నారు. పత్రికల్లో వ్యాసాల పక్కన వేసే రచయితల ఫొటోలు ఏ దశాబ్దానివో కూడా ఎవరూ అడగరు. అడగకపోవడం వల్ల లాభపడుతున్న వాళ్లలో ఈ వ్యాసకర్తా ఉన్నాడు.

ప్రమాదం మాటేమిటి అంటే, అది నిజమైన ప్రశ్న. నటి ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో 31 ఏళ్లకే పోయింది, అంతకు కొద్ది వారాల ముందే కొవ్వు తీసే శస్త్రచికిత్స చేయించుకుంది. ఆ వార్త చదివిన ఇళ్లలో ఇప్పటికీ ముఖానికి ఇంజెక్షన్ అంటే ఆ పేరే గుర్తుకొస్తుంది. కానీ ఆపరేషన్ వేరు, నొసటి ఇంజెక్షన్ వేరు, రెంటినీ ఒక గాటన కట్టి భయపడితే అసలు భయపడాల్సింది తప్పించుకుపోతుంది. బోటులినమ్ విషమే కదా అని నిలదీసే బాబాయిగారు, నల్ల తామరపురుగు మిరపతోటల మీద పడ్డ 2021-22లో రెండు మూడు మందులు కలిపి, గ్లౌజు లేని చేత్తో డ్రమ్ములో తిప్పిన మనిషే. అసలు ప్రమాదం మెడికల్ షాపులో, చవక ట్యూబులో ఉంది. మంగుకు క్రీము ఇవ్వండి అంటే కుర్రాడు ఇచ్చేదాంట్లో తరచూ స్టెరాయిడ్ ఉంటుంది. మొదటి పక్షం మొహం మెరుస్తుంది, చుట్టాలు పొగుడుతారు, ఆర్నెల్లకు చర్మం పల్చబడి ఎర్రబారి, మానేస్తే మంట, రాస్తే ఇంకా పల్చన. డాక్టరు చీటీ లేకుండా ఇలాంటివి అమ్మకూడదని 2018లో కేంద్రం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగే కుర్రాణ్ని చూసినవాళ్లు అరుదు. చర్మవైద్యుణ్ని కలవడానికి మూడేళ్లు ఆలోచించే వదినగారు, ఈ ట్యూబు కొనడానికి మూడు నిమిషాలు కూడా ఆలోచించరు. చిరాకు పుట్టేది ఇక్కడే. డాక్టరు దగ్గరికి వెళ్లరాదా అంటే, కొత్తపేట ఆస్పత్రుల వీధిలో అడుగుపెడితే ఎదురొచ్చేదంతా చుట్టాలేనంటారు. అందుకని హైదరాబాద్ వెళ్లాలి, వెళ్తే ఆడపడుచు ఇంట్లో దిగాలి, దిగాక ఎందుకొచ్చావంటే మోకాళ్లకని చెప్పాలి. మోకాళ్లేమో బాగున్నాయి.

డబ్బు దండగ కాదా అన్న ప్రశ్నకు జవాబు ఆవిడే ఇస్తారు. సరుకు ఏసీలో ఉంది, ధర వచ్చాక చూద్దాం. 2025 ఫిబ్రవరిలో ధరలు పడిపోయి, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలని లెక్కకట్టిన రోజుల్లో వదినగారి నుదురు కూడా వాయిదా పడింది. ఆ గీతలు పోవడం పోకపోవడం తేజ రకం మిర్చి రేటు మీద ఆధారపడి ఉందని ఇంట్లో ఆయనకు ఇప్పటికీ తెలియదు. దండగ అన్న మాటే తీసుకుంటే, ఏ చర్మవైద్యుడైనా మొదట చెప్పేది సన్‌స్క్రీన్ రాసుకోమనీ, పదకొండు దాటాక బయటికెళ్తే గొడుగు వేసుకోమనీ. ఇందులో సన్‌స్క్రీన్‌కు వదినగారు ఒప్పుకున్నారు, జిడ్డుగా ఉంటుందని పెళ్లిళ్లకు మాత్రం రాసుకోరు. గొడుగు దగ్గరే పేచీ. నల్లగొడుగు మరీ నాటుగా ఉంటుందన్నారు. కొడుకు డాలస్ నుంచి మడిచి సంచీలో పెట్టుకునే పూలగొడుగు పంపాడు, వెండిపూత లోపలివైపు, ఎండ సోకదు. అది విప్పి మార్కెట్‌కు వెళ్తే ఎవరో పిల్ల, జాగ్రత్త మామ్మగారూ అందట. గొడుగుంటేనే పెద్దదానిలా కనపడతానని ఆవిడ తేల్చేశారు. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం గొడుగు లేకుండా బ్రాడీపేట మొత్తం నడిచొచ్చి, ఫ్యాను కింద కూర్చుని, ఆ ఇంజెక్షన్ నాలుగు నెలలే నిలుస్తుందటగా, మరి ఇంత ఖర్చు దేనికి అని అడుగుతారు.