పవరా, నార్మలా సార్?

మాది చిలుకూరు. వీసాల బాలాజీ ఉన్న చిలుకూరు కాదు, కోదాడ పక్క చిలుకూరు. అక్కడ కోరిక తీరినవాళ్లు గుడి చుట్టూ 108 ప్రదక్షిణలు చేస్తారు. ఇక్కడ కోరిక తీరనివాళ్లు కారు చుట్టూ తిరుగుతుంటారు. మామ పెట్టిన పాత చిన్నకారు కొత్తల్లుడిలా ఉరకాలన్నదే ఆ కోరిక.

దాన్ని కనిపెట్టినవాడు బంకు పిల్లగాడు. "జీరో చూస్కోండి" అనేముందే అడుగుతాడు: "పవరా, నార్మలా సార్?" పక్క సీట్లో బావమరిది, వెనక అత్తగారు. అంతమంది ముందు "నార్మల్" అనడానికి నోరెట్లా వస్తది? "పవరే కొట్టు తమ్మీ" అంటాం. లీటరుకు కొన్ని రూపాయలు ఎక్కువైతే అయింది, ఇజ్జత్ మిగిలింది. పెట్రోలు కంపెనీలవాళ్లు లోకం తెలిసినోళ్లు. ఒకరు పవర్ అని, ఇంకొకరు స్పీడ్ అని పేర్లు పెట్టుకున్నారు. "ఓర్పు" అని ఎవరూ పెట్టలేదు.

పెట్టాల్సింది మాత్రం అదే. ఆక్టేన్ నంబరు చెప్పేది పెట్రోలు ఓర్పునే. సిలిండర్లో పెట్రోలు, గాలి కలిసి నొక్కుకుపోయాక ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. ఆ మంట తన దాకా వచ్చేవరకు పెట్రోలు ఆగాలి. పంక్తిలో వడ్డన పూర్తికాకముందే ముద్ద కలిపేవాడిలా, కొంత పెట్రోలు ఆగలేక తనంతట తనే అంటుకుంటుంది. అప్పుడు ఇంజన్లో టకటకమని మోత. మెకానిక్కులు దాన్నే నాకింగ్ అంటారు. గట్టిగా నొక్కే ఇంజన్లకు, కొన్ని టర్బో కార్లకు ఓర్పు ఎక్కువున్న పెట్రోలు కావాలి. మన చిన్నకారు అంత నొక్కదు. మామూలు పెట్రోలుకే మోత రాని ఇంజన్‌కు ఇంకా ఓర్పు పోస్తే ఏం చేసుకుంటది?

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. అమెరికాలో ట్రిపుల్ ఏ అనే వాహనదారుల సంఘం 2016లో లెక్క తీసింది. మామూలు పెట్రోలు చాలే కార్లలో ప్రీమియం పోయించి అక్కడివాళ్లు ఏడాదికి 210 కోట్ల డాలర్లు వృథా చేస్తున్నారట. పరీక్షించి చూస్తే ఆ కార్లలో బలమూ పెరగలేదు, మైలేజీ పెరగలేదు. అమెరికాలోనూ బావమరుదులుంటారు మరి.

అసలు తమాషా మన దగ్గరుంది. ఒకప్పుడు మన మామూలు పెట్రోలు 88 ఆక్టేన్. తర్వాత 91 అయింది. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ (ఈ20) కలిపాక 95కు చేరిందని పెట్రోలియం శాఖే 2025లో చెప్పింది. మైలేజీ పడిపోయిందని జనం మొత్తుకుంటే, ఆక్టేన్ పెరిగింది కదా అని ఓదార్చింది. ఈ20 కోసం తయారుకాని కార్లకు మైలేజీ 6–7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021లోనే రాసిపెట్టింది. అంటే మైలేజీ తగ్గించుకుని 95ను ముందే కొనుక్కున్నాం. మళ్లీ "95" అని బోర్డు పెట్టిన పంపు దగ్గరికెళ్లి ఇంకోసారి డబ్బులిస్తున్నాం.

ఇంకో చిత్రం. కోతల కాలంలో మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల ట్రాక్టర్ల వెనక కారు ఇరుక్కుంటే, ట్యాంకులో స్పీడ్ ఉన్నా రోడ్డు మీద ఉండదు. ఆ వడ్లు బియ్యమై ఎఫ్‌సీఐ గోదాములకు చేరితే, ఆ బియ్యాన్ని ఇప్పుడు ఇథనాల్‌కూ అమ్ముతున్నారు. ఇథనాల్ ఆక్టేన్ 100కు పైమాటే. మనకు దారివ్వక సతాయించే ట్రాక్టర్‌లోనే రేపటి మన ఆక్టేన్ ఉందేమో. హారన్ కొట్టేముందు కొంచెం ఆలోచించండి.

ఖరీదు పెట్రోల్లో ఇంజన్‌ను శుభ్రం చేసే మందులు కూడా కలుపుతామంటారు, కలుపుతారు. కాదనను. కానీ సర్వీసింగ్‌కు ఏడాదిగా మొహం చూపించని కారును ఆ మందులెంత కడుగుతాయి? 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ 100 ఆక్టేన్ పెట్రోలు కూడా తెచ్చింది. అది ఖరీదైన స్పోర్ట్స్ కార్లకూ బైకులకూ. అవున్నవాళ్లు పోయించుకోనీ.

మిగతావాళ్లు ఈసారి బంకుకు పోయేముందు కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చూడండి. దాంట్లో 91 చాలని ఉంటే ధైర్యంగా "నార్మల్" అనండి. మిగిలిన పైసలతో టైర్లలో గాలి సరిగ్గా పట్టించి, ఎయిర్ ఫిల్టర్ మార్పించండి. బావమరిది అడిగితే, మన నార్మలే ఇప్పుడు 95 అని చెప్పండి.